ఎంపికల జాబితా ఎవరి బాధ్యత?

ఆర్డర్ ఫారంలో డెలివరీ అడ్రస్ ఎంచుకునే డ్రాప్‌డౌన్ ఉందనుకోండి. లాగిన్ అయినవాళ్లకు తమ అడ్రస్‌లే కనబడాలి. ఈ పనిని జాంగో ఒకలా చేయిస్తుంది, ఫ్లాస్క్‌తో జతగా వాడే డబ్ల్యూటీఫామ్స్ ఇంకోలా చేయిస్తుంది. కోడ్ పొడవు సంగతి పక్కన పెడితే, నాకు ముఖ్యమనిపించే తేడా బాధ్యతను ఎవరి మీద పెట్టారన్నది.

డబ్ల్యూటీఫామ్స్ దారి సులువు. వ్యూలో ఫారం తయారుచేసి, కింది లైన్లో సెలెక్ట్ ఫీల్డ్‌కు ఛాయిసెస్ ఇస్తే సరి. కానీ అదే ఫారాన్ని మూడు వ్యూల్లో వాడితే ఆ లైను మూడు చోట్లా ఉండాలి, అదీ వాలిడేట్ పిలవకముందే. ఒకచోట ఫిల్టర్ మరిచి అందరి అడ్రస్‌లూ ఇచ్చేసినా ఫారం నోరెత్తదు. ఎవరైనా బ్రౌజర్‌లో విలువ మార్చి ఇంకొకరి అడ్రస్ ఐడీ పంపితే అది చెల్లిపోతుంది. ఛాయిసెస్ తెర మీద చూపించడానికే అనుకునేవాళ్లు చాలామంది. వచ్చిన విలువను ఒప్పుకోవాలో వద్దో తేల్చేదీ ఆ జాబితాయే.

జాంగోలో మోడల్ ఛాయిస్ ఫీల్డ్ పెట్టి, ఫారం క్లాసులోని ఇనిట్‌ను మనమే రాసుకుంటాం. యూజర్‌ను ఆర్గ్యుమెంటుగా తీసుకుని, సూపర్ ఇనిట్ పిలిచాక, సెల్ఫ్ ఫీల్డ్స్‌లో ఉన్న అడ్రస్ క్వెరీసెట్‌ను ఆ యూజర్‌కు పరిమితం చేయాలి. లైన్లు ఎక్కువే. అయితే యూజర్‌ను తప్పనిసరి చేస్తే, ఇవ్వడం మరిచిన వ్యూ ఎర్రర్‌తో అక్కడే ఆగిపోతుంది. పైగా క్లీన్ అయ్యాక చేతికొచ్చేది అడ్రస్ ఆబ్జెక్టే. డబ్ల్యూటీఫామ్స్ సెలెక్ట్ ఫీల్డ్‌లో కోయర్స్‌కు ఇంట్ ఇవ్వకపోతే ఐడీ అంకెగా కాక స్ట్రింగ్‌గా వస్తుంది. జాంగోలో జాగ్రత్త పడాల్సిందొకటి: సెల్ఫ్ ఫీల్డ్స్‌కు బదులు బేస్ ఫీల్డ్స్‌ను మారిస్తే, ఒకరి జాబితా ఆ ప్రాసెస్‌లో తర్వాత పుట్టే ఫారాలన్నిటికీ అంటుకుంటుంది.

మామూలు ఛాయిస్ ఫీల్డ్‌కు క్లాసులోనే డేటాబేస్ నుంచి జాబితా తయారుచేసి ఇస్తే, అది మాడ్యూల్ లోడైనప్పుడు ఒక్కసారే చదువుకుంటుంది. సర్వర్ రీస్టార్ట్ చేసేదాకా కొత్త వరుసలు కనబడవు. జాంగో 1.8 నుంచి జాబితాకు బదులు ఫంక్షన్ ఇవ్వొచ్చు. కానీ ఆ ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు అందవు, యూజర్ ఎవరో దానికి తెలియదు.

ఇక్కడ ఫ్లాస్క్‌ది పైచేయి. డబ్ల్యూటీఫామ్స్ 3.0లోనూ ఛాయిసెస్‌కు ఫంక్షన్ ఇవ్వొచ్చు. అది ఫారం పుట్టే క్షణాన, అంటే రిక్వెస్ట్ నడుస్తుండగానే, పనిచేస్తుంది కాబట్టి ఫ్లాస్క్ లాగిన్ అందించే కరెంట్ యూజర్‌ను అందులోంచే అడగొచ్చు. నియమం ఫారంలోనే ఉంటుంది, వ్యూలు శుభ్రంగా ఉంటాయి. వ్యూలో ఛాయిసెస్ నింపే పాత పద్ధతి కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

అయినా నా ఓటు జాంగో ఇనిట్‌కే. ఫారానికి యూజర్ కావాలన్న సంగతి అక్కడ ఆర్గ్యుమెంటుగా కళ్లెదుట ఉంటుంది. ఫ్లాస్క్ ఫంక్షన్‌లో అది లోపల దాగుంటుంది. రాత్రి నడిచే బ్యాచ్ పనిలో ఈ ఫారాన్నే వాడాలంటే, జాంగోలో యూజర్ ఆబ్జెక్ట్ ఇస్తే చాలు. ఫ్లాస్క్‌లోనైతే ముందు ఒక రిక్వెస్ట్ కాంటెక్స్ట్ కల్పించుకోవాలి.