మీట రెండుమారులు నొక్కిన దోషమెవరిది?

వెబ్ ఫారము ద్వారా రుసుము చెల్లించువారికి ఒక హెచ్చరిక పరిచితమే: "మీటను ఒక్కసారి మాత్రమే నొక్కుడు. పుటను మరల తెరవకుడు. వెనుకకు పోకుడు." చూచుటకు ఇది మర్యాదగానే ఉన్నది. కాని పరిశీలించినచో, యంత్రము చేయవలసిన పనిని ఇది మనుష్యునికి అప్పగించుచున్నదని తేలును. చివరి దినమున పరీక్ష రుసుము చెల్లించు విద్యార్థి, తెర కదలకుండుట చూచి మరల మీట నొక్కినచో, రుసుము రెండుమారులు పోవచ్చును. దరఖాస్తులు రెండు నమోదై, ఏది అసలైనదో తేలువరకు రెండును నిలిచిపోవచ్చును. ఈ నష్టమునకు కారణము విద్యార్థి తొందరపాటేనా?

ఒక రైతు పట్టణములోని వర్తకునకు, రెండు బస్తాల విత్తనములు పంపుమని జాబు వ్రాసెననుకొనుడు. పది దినములైనను జవాబు రాలేదు. పోయినది తన జాబా, వర్తకుని జవాబా? రైతునకు తెలియు మార్గము లేదు. రెండవ జాబు వ్రాయక తప్పదు. మొదటిది చేరియున్నచో నాలుగు బస్తాలు వచ్చి కూర్చుండును. కంప్యూటరుల నడుమ సందేశములకును ఇదే గతి. నమ్మరాని మార్గమున ఎన్ని సందేశములు నడిపినను ఉభయులకు పూర్తి నిశ్చయము కలుగదు. ఈ చిక్కును 1978లో అమెరికా శాస్త్రజ్ఞుడు జిమ్ గ్రే ఇద్దరు సేనానుల కథగా వివరించెను. కావున మరల పంపుట నేరము కాదు. మరల వచ్చినదానిని గుర్తింపలేకపోవుటయే లోపము.

ఈ లోపమునకు వాడుకలోనున్న ఉపాయములు కొన్ని కలవు. మొదటిది, ఒకసారి నొక్కగానే మీట పనిచేయకుండ చేయుట. తొందరపడు వ్రేలిని ఇది ఆపును. కాని పుటను మరల తెరచినచో మీట మరల మేల్కొనును. బ్రౌజరులో ఆ చిన్న ప్రోగ్రాము నడువకున్నచో అడ్డే లేదు. ఇది వాకిటికి తెర కట్టుటయే గాని గడియ వేయుట కాదు.

రెండవది, ఫారము అందగానే సర్వరు 303 అను సంఖ్య గల ప్రత్యుత్తరమిచ్చి బ్రౌజరును రసీదు పుటకు మళ్ళించుట. 1997లో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నిబంధనలలో ఈ సంఖ్య కలదు. దీని వలన పుటను మరల తెరచినను రసీదే కనబడును గాని ఫారము మరల పోదు. మంచి పద్ధతియే. కాని ప్రత్యుత్తరము చేరకముందే రెండవసారి నొక్కినవానికి ఇది రక్షణ కాదు.

మూడవది, నమోదు చేయుటకు ముందు, "ఇది ఇదివరకే ఉన్నదా?" అని ప్రోగ్రాము డేటాబేసును అడుగుట. ఇందు సూక్ష్మమైన పొరపాటున్నది. రెండు ఫారములు దాదాపు ఒకే క్షణమున వచ్చినచో, రెండింటికిని "లేదు" అను జవాబే వచ్చును. రెండును నమోదగును.

గట్టి ఉపాయము రైతు జాబులోనే ఉన్నది. జాబుపై "17వ ఆర్డరు" అని వ్రాసి, రెండవ జాబుపై కూడ అదే సంఖ్య వేసినచో వర్తకుడు మోసపోడు. అట్లే ఫారము తెరచినప్పుడే దానికొక ప్రత్యేక సంఖ్య నియ్యవలెను. మీట నొక్కినప్పుడు ఇచ్చినచో ప్రతి నొక్కునకు క్రొత్త సంఖ్య వచ్చి ప్రయోజనము చెడును. ఆ సంఖ్య పట్టికలో రెండుమారులు ఉండరాదని డేటాబేసునకే నియమము విధింపవలెను. అప్పుడు ఒకే క్షణమున రెండు వచ్చినను ఒకటియే నిలుచును. 1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన పట్టికలలో ఒకే వరుస రెండుమారులు ఉండనే ఉండదు. ఎస్.క్యు.ఎల్. పట్టికలు మాత్రము, నియమము వ్రాయనిచో, జంట వరుసలను మారుమాట లేక స్వీకరించును. రుసుము తీసికొనునది వేరొక బ్యాంకు యంత్రమైనచో, ఆ సంఖ్యను అక్కడికిని పంపవలెను.

ఒక పనిని ఎన్నిమారులు చేసినను ఫలితము ఒక్కసారి చేసినట్లే ఉండుటకు గణితములో ఐడెంపోటెంట్ అని పేరు. 1870లో బెంజమిన్ పియర్స్ ఈ పదమును కల్పించెను. 1ని 1చే ఎన్నిమారులు గుణించినను 1యే గదా! లిఫ్టు మీటను పదిమారులు నొక్కినను వచ్చునది ఒక్క లిఫ్టే. 2022 నాటి హెచ్.టి.టి.పి. నిబంధనల ప్రకారము గెట్, పుట్, డిలీట్ అను అభ్యర్థనలకు ఈ గుణము కలదు. ఫారములను సాధారణముగ మోసికొనిపోవు పోస్ట్ అభ్యర్థనకు లేదు. దానికి ఈ గుణమును కల్పించుట ప్రోగ్రాము వ్రాయువాని బాధ్యత.

ఇంకను రెండు జాగ్రత్తలు కలవు. ఫారమును రెండు కిటికీలలో తెరచినచో రెండు సంఖ్యలు పుట్టును. కావున హాల్ టికెట్ సంఖ్య, పరీక్ష జరుగు నెల కలిసిన జంట కూడ ఒక్కటే ఉండవలెనని విధించుట మేలు. అట్లని పేరు, పుట్టినతేదీ మాత్రమే చూచి త్రోసివేసినచో, ఒకే పేరుతో ఒకే దినమున పుట్టిన ఇద్దరు బాలురలో ఒకడు పరీక్షకు దూరమగును. ఏది "అదే", ఏది "వేరు" అని నిర్ణయించుట మనుష్యుని వివేకమునకు చెందిన పని. రెండవది, మరల వచ్చిన ఫారమునకు "తప్పు జరిగినది" అని బదులిచ్చుట క్రూరము. మొదటి రసీదునే మరల చూపవలెను. లేనిచో డబ్బు పోయినదని విద్యార్థి భయపడి మూడవసారి ప్రయత్నించును.

ఇన్ని ఏర్పాట్లు చేసిన తరువాత పాత హెచ్చరికతో పనిలేదు. దాని స్థానమున ఇట్లు వ్రాయవచ్చును: "సందేహమైనచో మరల నొక్కుడు. రుసుము ఒక్కసారియే తీసికొనబడును."