ఏ చిరునామాకు ఏ మెథడ్?

గ్రంథాలయం వెబ్‌సైటులో పాఠకుడు ఒక పుస్తకం పేరు మీద నొక్కుతాడు. బ్రౌజర్ నుంచి సర్వర్‌కు వెళ్లే అభ్యర్థనలో మొదటి వరుస చాలా చిన్నది: ‘గెట్ /బుక్స్/42’, పక్కన హెచ్‌టీటీపీ వెర్షన్ నంబరు. ఏ క్లాసును తెరవాలో, ఏ మెథడ్‌ను పిలవాలో అందులో ఎక్కడా ఉండదు. బుక్స్ కంట్రోలర్‌లోని ‘షో’ మెథడ్‌ను పిలవాలనీ, 42ను దానికి అందించాలనీ ఒక పట్టిక చూసి తేల్చేది రౌటర్. రూబీ ఆన్ రైల్స్, స్ప్రింగ్, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లు అన్నిట్లోనూ ఈ మెట్టు దాటాకే అసలు కోడ్ నడుస్తుంది. అప్లికేషన్ బయటివాళ్లకు ఇచ్చే మాట మొత్తం ఈ పట్టికలోనే ఉంటుంది కాబట్టి దీన్ని శ్రద్ధగా రాయాలి.

మొదట్లో అలాంటి పట్టికే లేదు. 1993లో ఎన్‌సీఎస్‌ఏలో రూపుదిద్దుకున్న సీజీఐ పద్ధతిలో చిరునామా సాధారణంగా డిస్కు మీదున్న ప్రోగ్రాము ఫైలును చూపేది. తర్వాత వచ్చిన పీహెచ్‌పీ, ఏఎస్‌పీ పేజీలదీ అదే తీరు. ఫైలును వేరే ఫోల్డరులోకి మార్చినా, పీహెచ్‌పీ వదిలి జావాకు వెళ్లినా పాత లింకులు తెగిపోయేవి. మంచి చిరునామా మారకూడదంటూ 1998లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ ఒక వ్యాసమే రాశారు. ఫైలు ఎక్స్‌టెన్షన్లను, సీజీఐ లాంటి సాఫ్ట్‌వేర్ ఆనవాళ్లను చిరునామాలో ఉంచవద్దని అందులో చెప్పారు. ఆ సలహా పాటించాలంటే చిరునామాకూ కోడ్‌కూ మధ్య విడిగా ఒక పట్టిక ఉండక తప్పదు.

ఆ పట్టికను ఎలా రాయాలన్న విషయంలో రైల్స్ నడిచిన దారి చూడదగ్గది. డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ బేస్‌క్యాంప్ అనే వెబ్ అప్లికేషన్ కోసం రాసిన కోడ్ నుంచి ఈ ఫ్రేమ్‌వర్క్‌ను విడదీసి 2004లో విడుదల చేశారు. తొలినాళ్లలో దాని మామూలు సూత్రం కంట్రోలర్ పేరు, యాక్షన్ పేరు, ఐడీ. కంట్రోలర్‌లో ‘డిలీట్’ అని ఒక మెథడ్ రాస్తే ‘/బుక్స్/డిలీట్/42’ అనే చిరునామా దానంతటదే పుట్టేది. పని చకచకా సాగేది. కానీ ఆ చిరునామాను మామూలు లింకుగా పేజీలో పెడితే చాలు, నొక్కగానే పుస్తకం చెరిగిపోతుంది.

దాని ప్రమాదం 2005లో బయటపడింది. ఆ ఏడాది మే నెలలో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. పేజీలు త్వరగా తెరుచుకోవాలని, మనిషి నొక్కకముందే అది లింకుల వెంట వెళ్లి వాటి పేజీలను తెచ్చి ఉంచేది. బేస్‌క్యాంప్‌ను తయారుచేసిన 37సిగ్నల్స్ వారి మరో అప్లికేషన్ బ్యాక్‌ప్యాక్‌లో కొందరి పేజీలు కారణం తెలియకుండా మాయమయ్యాయి. తొలగించే లింకుల వెంట కూడా యాక్సిలరేటర్ వెళ్లడమే కారణం. గెట్ అభ్యర్థన కేవలం చూడటానికేనని, దానితో ఏదీ మారకూడదని 1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణంలో అప్పటికే రాసి ఉంది.

చిరునామా ఒక వస్తువును చూపాలి, దానితో ఏం చేయాలో హెచ్‌టీటీపీ క్రియ చెప్పాలి. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పరిశోధన గ్రంథంలో వివరించిన రెస్ట్ శైలి నుంచి రైల్స్ తీసుకున్న పాఠం ఇది. 2007 జనవరిలో వచ్చిన రైల్స్ 1.2లో ఇది పద్ధతిగా చేరింది. ఇప్పుడు రౌట్స్ ఫైలులో ‘రిసోర్సెస్ :బుక్స్’ అని ఒక్క వరుస రాస్తే ఏడు యాక్షన్లకు దారి పడుతుంది. ‘/బుక్స్’కు గెట్ వస్తే జాబితా, పోస్ట్ వస్తే కొత్త పుస్తకం నమోదు. ‘/బుక్స్/42’కు గెట్ వస్తే వివరాలు, ప్యాచ్ వస్తే సవరణ, డిలీట్ వస్తే తొలగింపు. ‘/బుక్స్/న్యూ’, ‘/బుక్స్/42/ఎడిట్’ అనేవి ఫారాలు చూపే పేజీలు. ఏడు పనులు నాలుగే చిరునామా రూపాల్లో ఇమిడిపోయాయి. హెచ్‌టీఎంఎల్ ఫారం గెట్, పోస్ట్ తప్ప వేరే క్రియలు పంపలేదు కాబట్టి, ‘_మెథడ్’ అనే దాచిన ఫీల్డులో అసలు క్రియను రైల్స్ జతచేస్తుంది.

ఈ క్రమశిక్షణ విలువ డిజైన్ దగ్గర తెలుస్తుంది. గ్రంథాలయంలో పుస్తకం ఇవ్వడానికి బుక్స్ కంట్రోలర్‌లోనే ‘ఇష్యూ’ అనీ ‘రిటర్న్’ అనీ మెథడ్లు చేర్చాలని మొదట అనిపిస్తుంది. ఆ దారిన వెళితే కొన్నాళ్లకు ‘రెన్యూ’, ‘ఫైన్’, ‘రిజర్వ్’ కూడా వచ్చి చేరి కంట్రోలర్ బరువెక్కుతుంది. వస్తువు ఏమిటని అడిగితే జవాబు వేరు: ఇక్కడ పుట్టేది ఒక లోన్, అంటే అరువు నమోదు. దానికి ‘పోస్ట్ /బుక్స్/42/లోన్స్’ సరిపోతుంది. పుస్తకం తిరిగొస్తే ఆ లోన్‌ను డిలీట్ చేయాలా? చేస్తే ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారో ఆనవాలే మిగలదు. కాబట్టి తిరిగిచ్చిన తేదీని నమోదు చేసే సవరణగా దాన్ని రాయాలి. డేటాబేస్ టేబుల్ ఎలా ఉండాలన్న ప్రశ్నకు రౌట్స్ ఫైలు దగ్గరే జవాబు దొరికింది.

వరుస క్రమం కూడా చూసుకోవాలి. రైల్స్‌లోనూ జాంగోలోనూ రౌటర్ పట్టికను పైనుంచి చదువుతూ, ముందు కుదిరిన దాన్నే ఎంచుకుంటుంది. ‘/బుక్స్/:ఐడీ’ని పైన రాసి ‘/బుక్స్/న్యూ’ను కింద రాస్తే, రౌటర్ ‘న్యూ’నే ఐడీ అనుకుని ‘షో’కు పంపుతుంది; అలాంటి పుస్తకం లేదని 404 వస్తుంది. ఐడీలో అంకెలే ఉండాలని షరతు పెడితే ఆ చిక్కు తీరుతుంది. స్ప్రింగ్‌లో వరుసతో పని లేదు. అది కుదిరిన నమూనాలను పోల్చి, వాటిలో ఎక్కువ నిర్దిష్టమైనదాన్ని ఎంచుకుంటుంది.

స్ప్రింగ్ దారి మరో విషయంలోనూ వేరు. 2007లో వచ్చిన 2.5 వెర్షన్‌తో చిరునామాను ‘రిక్వెస్ట్‌మ్యాపింగ్’ అనే అనొటేషన్‌గా మెథడ్ నెత్తినే రాసే వీలు కలిగింది. 2016లో 4.3 వెర్షన్‌లో ‘గెట్‌మ్యాపింగ్’ లాంటి పొట్టి రూపాలు చేరాయి. మెథడ్ చదువుతుంటే దాని చిరునామా కళ్లముందే ఉండటం ఇందులో లాభం. అప్లికేషన్ మొత్తం ఒక్క చూపులో కనిపించడం రైల్స్ పట్టికలో లాభం. కొత్తగా ప్రాజెక్టులో చేరినవారు ‘రైల్స్ రౌట్స్’ కమాండ్ నడిపితే ఏ క్రియ, ఏ చిరునామా, ఏ కంట్రోలర్ అన్నది వరుసగా తెరమీదికి వస్తుంది.

చిరునామాలో తెలుగు మాట ఉన్నా రౌటర్ చక్కగానే చదువుతుంది. ‘తెలుగు’ అనే మాటలో యూనికోడ్ లెక్కన, గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. మాట సర్వర్‌కు చేరేసరికి 54 అక్షరాలవుతుంది. రైల్స్ దాన్ని విప్పి, కంట్రోలర్‌కు మళ్లీ ‘తెలుగు’గానే అందిస్తుంది.

రౌటింగ్ అటు నుంచి ఇటూ పనిచేస్తుంది. పేజీల్లో చిరునామాను చేత్తో రాయకుండా ‘బుక్_పాత్’ అని పిలిస్తే రైల్స్ పట్టిక చూసి తానే తయారుచేస్తుంది. రేపు ‘/బుక్స్’ను ‘/టైటిల్స్’గా మార్చాల్సి వస్తే, ‘రిసోర్సెస్ :బుక్స్’ వరుసలోనే దారి పేరు మారిస్తే సైటులోని లింకులన్నీ మారిపోతాయి. బయట ఎవరో దాచుకున్న పాత లింకుల కోసం అదే ఫైలులో ‘రీడైరెక్ట్’ వరుస ఒకటి చేరిస్తే, 301 జవాబుతో వాళ్లను కొత్త చోటికి పంపుతుంది. చిరునామాలు మార్చే ప్రతి జట్టూ ఆ వరుసను అదే రోజు రాయాలి.