చూడటం, చూసుకోవడం: 'మైండింగ్ ఫ్రాంకీ' నవలపై ఒక పరిశీలన

ఐర్లండు రచయిత్రి మేవ్ బించీ (1939-2012) జీవించి ఉండగా వెలువడిన చివరి నవల 'మైండింగ్ ఫ్రాంకీ' (2010). లక్షలాది పాఠకులున్న రచయిత్రి కావడం వల్ల కాబోలు, విమర్శకులు ఆమెను కాలక్షేప సాహిత్యం ఖాతాలో వేసి ఊరుకున్నారు. మన యద్దనపూడి సులోచనారాణి విషయంలోనూ చాలాకాలం జరిగింది ఇదే. అయితే జనప్రియ నవలను తీసిపారెయ్యడానికి ముందు, అది ఏ ప్రశ్న వేస్తున్నదో చూడాలి. ఈ నవల వేసే ప్రశ్న చిన్నది కాదు: బిడ్డ ఎవరిది?

కథ క్లుప్తంగా ఇది. నోయెల్ లించ్ డబ్లిన్‌లో ఇళ్ళ నిర్మాణానికి కావలసిన సామగ్రి అమ్మే సంస్థలో చిన్న ఉద్యోగి, తాగుడుకు బానిస. ఒకప్పటి కొద్దిపాటి పరిచయస్థురాలు స్టెల్లా కాన్సరుతో ఆసుపత్రిలో ఉండి అతన్ని పిలిపిస్తుంది. తన కడుపులోని బిడ్డకు నువ్వే తండ్రివి, నేను బతకను, నువ్వే పెంచాలి అంటుంది. ఆమె చనిపోతుంది, ఫ్రాంకీ పుడుతుంది. తనను తానే చూసుకోలేని మనిషి చేతికి పసిబిడ్డ వస్తుంది.

ఇక్కడ నుంచి మామూలు ప్రేమనవల ఎటు పోతుందో ఊహించగలం. ఒక మంచి అమ్మాయి వస్తుంది, బిడ్డకు తల్లి అవుతుంది, పెళ్ళితో కుటుంబం పూర్తవుతుంది. లిసా కెల్లీ అనే యువతి నోయెల్ ఇంట్లో వాటాకు చేరినప్పుడు పాఠకుడు ఆశించేదీ అదే. రచయిత్రి ఆ దారి పట్టలేదు. లిసా మనసు ఆంటన్ అనే హోటలు యజమాని మీద ఉంటుంది. అతను ఆమె ప్రతిభను వాడుకుంటాడు, ఆమె ఎదురుచూపును కూడా వాడుకుంటాడు. అదే లిసా ఇంటికి వచ్చి, తన బిడ్డ కాని బిడ్డకు పాలసీసా పట్టిస్తుంది. ప్రేమ అని పేరున్న చోట బాధ్యత లేదు. బాధ్యత ఉన్న చోట ప్రేమ అనే పేరు లేదు. నవలలో బలమైన అల్లిక ఇదే.

బిడ్డను పెంచేది ఒకరు కాదు. అమెరికా నుంచి వచ్చిన చుట్టం ఎమిలీ, నోయెల్ తల్లిదండ్రులు, వీధిలోని డాక్టరు కుటుంబం, ముసలి దంపతులు మటీ, లిజీ, అందరూ వంతులు వేసుకుంటారు. దేవకి కన్నది, యశోద పెంచింది అని మనం ఇద్దరు తల్లులను చెప్పుకుంటాం. ఇక్కడ యశోద పని పదిమందికి పంచబడింది.

నవల పేరులోని 'మైండింగ్' అనే మాటకు ఐరిష్ వాడుకలో ఆలనాపాలనా చూడటం అని అర్థం. తెలుగులో దానికి సరిపడే మాట 'చూసుకోవడం'. 'చూచు'కు 'కొను' చేరగానే పని కర్త మీదికి మళ్ళుతుంది, ఆ భారం తనదవుతుంది. నవలంతా ఈ రెండు క్రియల మధ్యనే నడుస్తుంది. సాంఘిక సంక్షేమ ఉద్యోగిని మోయిరా చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తుంది, ఆమె చూస్తుంది. తక్కినవారు చూసుకుంటారు. అలాగని ఆమెను ప్రతినాయిక అనలేం. నోయెల్ మళ్ళీ ఒకసారి తాగుడులో పడతాడు కనుక, ఆమె అనుమానం నిరాధారం కాదు. బిడ్డ పక్షాన అనుమానించేవారు కూడా ఒకరుండాలని రచయిత్రికి తెలుసు.

లోపాలు లేకపోలేదు. పాత నవలల పాత్రలు గుంపుగా వచ్చి చేరడంతో కొత్త పాఠకుడికి ఊపిరాడదు. ఎమిలీ అలసిపోదు, విసుగుకోదు. అటువంటి మనిషి పాత్రగా కంటే పరిష్కారంగానే మిగులుతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, ఈ వీధిలో అందరికీ తీరిక ఉండటం. రోజుకూలీలుండే వీధిలో ఫ్రాంకీ వంతు ఎవరు తీసుకునేవారు? ఈ ప్రశ్న నవలలోకి రానేలేదు.

మన పాఠకులకు ఇందులో ఆలోచించుకోవలసింది వేరే ఉంది. తెలుగులో చుట్టరికం పిలుపుతోనే మొదలవుతుంది. హోసూరులోనైనా, బరంపురంలోనైనా పక్కింటివారు వేరే భాషవారైనా మనకు అక్క, పిన్ని, మామ అయిపోతారు. బించీ పాత్రలకు ఆ పిలుపుల సౌకర్యం లేదు, పేర్లతోనే పిలుచుకుంటారు. వారి బంధుత్వం వంతు వచ్చిన రోజున రావడంలోనే ఉంది. పిలుపు ఉన్నంతమాత్రాన బంధుత్వం ఉన్నట్లేనా అని ఈ నవల మనల్ని అడుగుతుంది. వరస కలిపి పిలిచేవారిలో రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడిస్తే లేచేవారెందరు? శిల్పంలో సాధారణమైన ఈ నవలను చదవమని విద్యార్థులకు చెప్పడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.