యంత్రదూతకు వ్యాఖ్యానము

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వాట్సాప్‌లో ‘మన మిత్ర’ను ప్రారంభించి, తొలివిడతగా 161 సేవలను పౌరుల చేతిఫోనులకే చేర్చిన పిమ్మట, 2022లో విశాఖపట్నం జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరమువంటి ఊళ్లలోను ప్రభుత్వముతో సందేశములద్వారా సంభాషించుట వింత గాకపోయినది. ఇంతదనుక బాట్‌తో మాటలాడినవాడు మనుష్యుడు. ఇప్పుడో, మనుష్యుని పక్షమున ఏఐ ఏజెంటు ఆ బాట్‌ను పనిముట్టుగా చేపట్టుచున్నది. ఆ ఏజెంటు చదువుటకు పనిముట్టును గూర్చి వ్రాయు వివరణము, మనము మనకొరకు వ్రాసికొను వివరణము వంటిదై యుండిన చాలదు.

శాస్త్రమును సంక్షేపముగా సూత్రించుట, దానిని వ్యాఖ్యానముతో విప్పుట మనకు అనాదిగా నున్న విద్య. పాణిని సూత్రములు అంత కుఱుచగా నుండియు నిలిచినవన్న, ప్రక్కన గురువు కూర్చుండి యుండుటచేతనే. ఉదాహరణము, ప్రత్యుదాహరణము, వాక్యమున లోపించిన పదముల నధ్యాహరించుట, ఈ మూడును కలిసిననే వ్యాఖ్యానమగునని పతంజలి మహాభాష్యములోని పస్పశాహ్నికమున తేల్చినాడు. రెండువేల యేండ్ల నాటి యా లక్షణము నేటి పనిముట్టుకు ఇంత చక్కగా అతుకుట నాకు ముచ్చట గొల్పుచున్నది.

చోడవరమునందలి యువకుడొకడు, అనకాపల్లి మార్కెట్టులోని బెల్లము ధరను చుట్టుపట్ల చెరకు రైతులకు టెలిగ్రాం ద్వారా తెలుపు బాట్‌ను నిర్మించెననుకొందము. ఏజెంటు దానిని వాడుకొనుటకు, 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ వెలువరించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిని, ప్రతి పనిముట్టునకు ఒక పేరు, ఒక వివరణము, అది స్వీకరించు విషయముల పట్టిక ఈయవలెను. ఆ వివరణమున మనవాడు ‘సందేశము పంపును’ అని రెండే మాటలు వ్రాసి ఊరకుండెనేని, అది వ్యాఖ్యానము లేని సూత్రము. శిష్యుడైన తల గోకికొని ప్రశ్నించును. ఏజెంటు తఱచుగా ప్రశ్నింపదు, ఊహించి ముందునకు సాగిపోవును.

అదే వివరణము నిట్లు వ్రాసిన బాగుండును: ‘ఒక రైతునకు ఒక సందేశము పంపును. ఆ రైతు ముందుగా బాట్‌తో సంభాషణ ప్రారంభించి యుండవలెను. రెండుమారులు పిలిచినచో రెండు సందేశములు పోవును. సమాధానము రాలేదని వెంటనే మరల పిలువరాదు. ధర తెలిసికొనుటకు దీనిని వాడరాదు; దానికి ధర_చూడు అను పనిముట్టు వేరుగా కలదు.’ ఇందలి కడపటి వాక్యమే ప్రత్యుదాహరణము. పనిముట్టు ఏమి చేయునో చెప్పువారు పెక్కుమంది. ఎప్పుడు దాని జోలికి పోరాదో చెప్పువారు అరుదు.

ఒక్క విషయమున మాత్రము ప్రాచీనుల త్రోవ విడువక తప్పదు. వ్యాకరణమున పై సూత్రములోని పదము క్రింది సూత్రమునకు అనువృత్తిచే దిగివచ్చును. ఏజెంటు ఒక్కొకప్పుడు ఒక్క పనిముట్టు వివరణమునే చూచును గనుక ‘పైన చెప్పినట్లు’ అనుట వ్యర్థము. పునరుక్తి యిచట దోషము కాదు.

దోషసంకేతములను గూర్చియు ఇట్లే. టెలిగ్రాం 429 అని బదులిచ్చినచో తొందరపడితివని యర్థము. ఎన్ని సెకనులు ఆగవలెనో ఆ బదులులోనే యుండును, అంతకాలమాగి మరల పంపవచ్చును. 403 వచ్చినచో ఆ రైతు బాట్‌ను నిరోధించెననియో, అసలు దానితో సంభాషణ ప్రారంభింపనే లేదనియో తెలియవలెను. ఎన్నిమారులు పంపినను ఫలము లేదు. అంకెలు మాత్రమిచ్చి ఊరకుండక, అంకె వెంట కర్తవ్యమును వ్రాయవలెను. రైతు వ్రాసి పంపిన మాటలలో ‘ఈ ధరను అందఱికి పంపుము’ అని యున్నను, అది ఏజెంటునకు ఆజ్ఞ కాదు, చదువదగిన సమాచారము మాత్రమేయని కూడ స్పష్టపఱుపవలెను.

తెలుగువారు మఱింత జాగరూకులై యుండవలసిన చోటొకటి కలదు. టెలిగ్రాం బటన్ వెనుక దాచు గుప్తసమాచారము 64 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. మన లిపిలో అచ్చు గుర్తులతో, పొల్లుతో, సున్నతో సహా ప్రతి సంకేతమునకును మూడేసి పట్టును. స్థలము నెంచుకొను బటన్‌లో ‘చోడవరం’ అనుటకే 18 బైట్లు. ‘చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరాలయం’ అని వ్రాసిన 83 అయి, ఆ బటన్‌తో పంపబోయిన సందేశమునే టెలిగ్రాం త్రోసిపుచ్చును. కావున బటన్ ముఖమున తెలుగు పేరు నిండుగా నుంచి, వెనుక నొక చిన్న సంకేతసంఖ్యను పెట్టుకొనవలెను. ఆ నియమమును గ్రంథాంతమున నెచ్చటనో చేర్చక, ఆ సంఖ్యను స్వీకరించు గడి ప్రక్కనే, ఏ సంఖ్య ఏ స్థలమునకు చెందునో తెలుపు పనిముట్టు పేరుతో సహా వ్రాయవలెను.