‘బైండ్’ ఆజ్ఞ - గుణదోషములు

కంప్యూటరులో ప్రతి ఫైలుకును ఒక మార్గము ఉండును. ఏ డైరెక్టరీలో, దాని లోపలి ఏ డైరెక్టరీలో ఆ ఫైలు ఉన్నదో వరుసగా తెలుపు చిరునామాయే మార్గము. ఫైలును కదలింపక ఈ చిరునామాను మాత్రమే మరల్చునట్టి చిన్న ఆజ్ఞ ‘బైండ్’. అమెరికాలోని బెల్ లాబ్స్ వారు నిర్మించి 1992లో విశ్వవిద్యాలయములకు ఇచ్చిన ‘ప్లాన్ 9’ అను ఆపరేటింగ్ సిస్టములోనిది ఇది.

పాఠశాలలో రసాయనశాలకు మరమ్మతు జరుగుచున్నదనుకొందము. టైంటేబులులో ‘రసాయనశాల’ అనియే ఉండును. కాని పదవ తరగతివారు ఆ పేరు చూచి 4వ గదికి పోవుదురు. తక్కిన తరగతులకు రసాయనశాల పాతదే. బైండ్ చేయు పని ఇట్టిదే. ఒక విండోలో నడుచు ప్రోగ్రాములు చేసికొనిన మార్పు పక్క విండోకు సోకదు. ఆ ప్రోగ్రాములు ముగిసినచో మార్పు కూడ పోవును.

అంతేకాదు, పెక్కు డైరెక్టరీలను ఒకే పేరు క్రింద పేర్చవచ్చును. యూనిక్సులో ప్రోగ్రాములను వెదకుటకు ‘పాత్’ అను పొడుగైన జాబితా కావలెను. ప్లాన్ 9లో ప్రాసెసరుకు తగిన ప్రోగ్రాములను, షెల్ స్క్రిప్టులను, సొంత ప్రోగ్రాములను ‘బిన్’ అను ఒక్క డైరెక్టరీలో పేర్చుకొనిన దాదాపు సరిపోవును. ఈ ఆజ్ఞలో నాకు మిక్కిలి నచ్చినది ఇదే.

ఇక దోషములు. ఒకే పేరుగల ఫైళ్లు రెండున్నచో పైదే కనబడును, క్రిందిది మరుగుపడును. ప్లాన్ 9 పుస్తకము అసలు డైరెక్టరీని ‘కొత్తది’ అనియు, అది కనబడవలసిన చోటును ‘పాతది’ అనియు పిలుచును. లినక్సు పుస్తకము సరిగా తలక్రిందులుగా చెప్పును! విద్యార్థి తికమకపడుట వాని తప్పు కాదు. ఇంతకంటె ప్రమాదము మరొకటి: రెండవచోట కనబడునది నకలు కాదు. నకలే కదా అని తుడిచివేసినచో అసలు ఫైలే పోవును.

2001లో వెలువడిన లినక్సు 2.4 ఈ ఉపాయమును ‘మౌంట్’ ఆజ్ఞలో చేర్చుకొనినది. కాని దానికి యంత్రాధికారి హోదా కావలసివచ్చెను. మార్పు అందరికిని కనబడెను. హెడ్మాస్టరు అనుమతితో పాఠశాల మొత్తమును 4వ గదికి నడిపినట్లున్నది! వేరువేరు దృశ్యముల ఏర్పాటు 2002లోను, సామాన్యునికి దారి 2013లోను వచ్చినవి. రూపమును ముందు తెచ్చుకొని ప్రాణమును తరువాత తెచ్చుకొనినారనుట కఠినము కాదనుకొందును. నేటి కంటెయినర్లు బయటి డైరెక్టరీని లోపల చూపుట ఈ పద్ధతిచేతనే.

ప్లాన్ 9లో ‘ఎన్‌ఎస్’ అను ఆజ్ఞ ఇచ్చినచో, ఏ పేరుపై ఏది కట్టబడియున్నదో వరుసగా చూపును. బైండ్ నేర్పు ఉపాధ్యాయులు ఆ గంటలోనే దీనిని కూడ చూపవలెను.