జీతమిచ్చి ఆడించిన ఊరు

ఈ వారం కొండాపూర్‌లో ఓ ఫుట్‌బాల్ టర్ఫ్ పక్కన కాసేపు నిలబడ్డాను. చుట్టూ వల, పైన ఫ్లడ్‌లైట్లు, గంటకింతని అద్దె. మెళ్ళో ఐడీ కార్డులు తీసి బ్యాగుల్లో పడేసి దిగిన కుర్రాళ్ళు. బంతి దొరికిన ప్రతివాడూ నలుగురిని తప్పించుకుని తానే గోల్ కొట్టేద్దామనే. పక్కవాడు ఖాళీగా నిలబడి గొంతు చించుకుంటున్నా పాస్ ఇవ్వడు. చిర్రెత్తుకొచ్చింది.

"ఇహ రహీం సాబ్ దగ్గరికొస్తాడు చూడు" అని పాత పాఠకులు నవ్వుకుంటున్నారని తెలుసు. వచ్చేశాను. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్. డ్రిబ్లింగే కూడదంటూ టోర్నమెంట్లు పెట్టేవాడు, చేతకాని కాలితోనే ఆడించేవాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచిందంటే ఆ జట్టులో అజీజ్, లతీఫ్, నూర్ మహమ్మద్ లాంటి మన ఊరివాళ్ళుండబట్టే. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా స్వర్ణం తెచ్చిందీ రహీం సాబే.

ఇక తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ప్రాక్టీసుకు రావడానికి చేతిలో డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దెకు రహీం సాబే రోజుకో రూపాయి ఇచ్చేవాడట. ఆ సైకిల్ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. అప్పటికే ఈస్ట్ బెంగాల్ అతణ్ణి కలకత్తా తీసుకుపోయింది. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవయ్యారు, ఇరవయ్యేడేళ్ళకే ఆట మానేశాడు. చివరిదాకా బెంగాల్లోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో పోయాడు.

అద్దె సైకిల్ మీద వచ్చి ఆడారు, అదీ ఆట మీద ప్రేమంటే, అని ముగించేస్తే టర్ఫ్ కుర్రాళ్ళకు చురక అంటించినట్టూ ఉంటుంది, మీరూ చప్పట్లు కొడతారు. కానీ అది సగం నిజం. సిటీ పోలీస్ ఆటగాళ్ళు పోలీసు ఉద్యోగులు. నెల తిరిగేసరికి జీతం, ఆట అయిపోయాకా కొలువు. అదే కాలానికి కాస్త ముందు ఇంగ్లాండులో చూడండి: 1927-28 సీజన్లో ఎవర్టన్‌కు అరవై లీగ్ గోల్స్ కొట్టిన డిక్సీ డీన్‌కైనా వారానికి ఎనిమిది పౌండ్లు మించి ఇవ్వకూడదని రూలు. ఆట ఆగాక ఆయన పబ్ నడుపుకున్నాడు. బతుకు భరోసాలో మన కానిస్టేబులే ఆ మహానుభావుడి కంటే మెరుగు.

కాబట్టి టర్ఫ్ కుర్రాళ్ళను తిట్టి లాభం లేదు. పగలంతా వేరే పని చేసి, తమ డబ్బు కట్టి ఆడుకుంటున్నవాళ్ళు పాస్‌లు నేర్చుకునేదెప్పుడు? జీతమిచ్చి ఆడించే జట్టుందా అంటే, గచ్చిబౌలి స్టేడియాన్ని సొంత మైదానం చేసుకుని 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా చివరికి ఢిల్లీకి తరలిపోయింది.

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల హెచ్ఆర్ పెద్దలకు ఒక మనవి. టీమ్ అవుటింగుల ఖర్చులో కొంత తగ్గించుకుని, వచ్చే నియామకాల్లో పదకొండు ఉద్యోగాలు ఫుట్‌బాలర్లకివ్వండి. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం ఆఫీసు. పోలీసు శాఖ చేయగలిగింది మీరు చేయలేరా?