డైట్ చార్టులో కనపడని మనిషి

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఆరేళ్ళుగా ఒక కాగితం అంటించి ఉంది. నా భర్తకి షుగర్ అని తేలినప్పుడు క్లినిక్‌లో ఇచ్చిన డైట్ చార్టు. పోయినేడాది నాకు ఫ్యాటీ లివర్ ఉందనీ, షుగర్ గడప దగ్గరకొచ్చి నిలబడిందనీ చెప్పి అదే క్లినిక్‌లో అదే కాగితం నాకూ ఇచ్చారు. పైన పేరూ వయసూ బరువూ మారాయి. మిగతాదంతా అక్షరం పొల్లు పోకుండా అదే. సాహిత్యం పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కనక ఏ కాగితం చేతికొచ్చినా దీన్ని ఎవరిని ఉద్దేశించి రాశారా అని చూడటం నాకు అలవాటు. ఈ నాలుగు మాటలూ ఆ కాగితం మీద నా సమీక్ష.

ముందు భాష చూద్దాం. నానబెట్టిన మెంతులు. ఉడికించిన శనగలు. సన్నగా తరిగిన కూరగాయలు. నూనె లేకుండా కాల్చిన జొన్నరొట్టె. అన్నీ క్రియాజన్య విశేషణాలే. పని జరిగిపోయింది, చేసిన మనిషి వాక్యంలో లేదు. ఎవరు నానబెట్టారు? ఎవరు తరిగారు? కర్త లేని ఈ వాక్యాలు చదివే మనిషికి ఇంట్లో ఒక కర్త ఉండి తీరాలి. అంటే ఈ పాఠానికి ఉద్దేశించిన పాఠకుడు భార్య ఉన్న మగవాడు.

మా ఇంట్లో అలాగే జరిగింది. ఆయన కాగితం నేను చదివాను, నేను అమలు చేశాను. ఎనిమిది నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. డాక్టరుగారు లేచి చెయ్యి కలిపి "మీ విల్ పవర్ గొప్పది సార్" అన్నారు. పక్క కుర్చీలో నేనున్నాను. నా వంతు వచ్చేసరికి మూడు నెలలకి కిలోన్నర తగ్గాను. "మీరు మనసు పెట్టటం లేదమ్మా" అన్నారు అదే డాక్టరుగారు.

పదకొండింటికి జామకాయ తినమంటుంది కాగితం. అప్పుడు నేను క్లాసులో ఉంటాను. ఏడింటికి రాత్రి భోజనం ముగించమంటుంది. ఆ వేళకి అత్తగారికి మెత్తటి అన్నం, ఆయనకి రొట్టె, పిల్లలకి వాళ్ళడిగింది చేస్తూ పొయ్యి ముందుంటాను. నేను కూర్చునేసరికి తొమ్మిదిన్నర. గిన్నె అడుగున మిగిలిన నాలుగు ముద్దలు పారేయడానికి చెయ్యి రాదు. పొద్దున్నే నలభై అయిదు నిమిషాలు నడవమంటుంది. సరిగ్గా ఆ నలభై అయిదు నిమిషాల్లోనే మూడు టిఫిన్ బాక్సులు తయారవుతాయి. ఆయన నడుస్తూంటారు.

కాగితంలో పోషకాహార శాస్త్రం తప్పని నేననటం లేదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదనే ఉంది. కుప్పగా అన్నం, పక్కన చెంచాడు కూర వేసుకునే మన కంచాలకి ఆ మాట అవసరం. కానీ ఆడదాని కంచంలోకి కూర ఆఖరున వస్తుంది, వస్తే. మిగిలేది ఎప్పుడూ అన్నమే.

కర్తని దాచే అలవాటు ఈ ఒక్క కాగితానిది కాదు. మనల్ని కొలిచే బీఎంఐ సంగతే చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియం గణితవేత్త క్వెటెలెట్ సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కగట్టడానికి ఆ సూత్రం కనిపెట్టాడు. 1972లో యాన్సెల్ కీస్ బృందం దానికి ఇప్పటి పేరు పెట్టింది. ఆ పరిశోధనలో కొలిచింది అయిదు దేశాలకు చెందిన 7,400 మందికి పైగా పురుషుల్ని. 2004లో పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో వేసి మరీ ఈ కొలమానం లోపం చూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి పొట్టలో దాగిన కొవ్వు అలా లోకానికి తెలిసింది. 2009లో మనవాళ్ళకి బీఎంఐ 25 దాటితేనే స్థూలకాయమనీ, ఆడవాళ్ళకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు మించకూడదనీ నిర్ణయించారు. జాతిని గుర్తించారు, నడుమునీ గుర్తించారు. ఆ నడుము వంగి చేసే పనిని గుర్తించలేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2010 నివేదికలో 'ప్రామాణిక స్త్రీ' అనే పాత్ర ఒకటుంది. 55 కిలోలు, గర్భిణి కాదు, పాలిచ్చే తల్లి కాదు. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు పడక, నాలుగు నుంచి ఆరు గంటలు కూర్చోవడం, అటూ ఇటూ తిరగడం. నడకకీ, చురుకైన వినోదానికీ, ఇంటిపనులకీ కలిపి రెండు గంటలు! ఏ కథలోనూ ఇంత కల్పిత పాత్రని నేను చూడలేదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. అలా చేసే మగవాళ్ళు పెట్టేది 97.

తిండీ నడకా మార్చుకుంటే షుగర్‌ని ఆపవచ్చని మన దేశంలో రుజువు చేసిన గొప్ప పరిశోధన 2006లో చెన్నై నుంచి వచ్చింది. షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. పాల్గొన్న 531 మందిలో 421 మంది మగవాళ్ళు, 110 మంది ఆడవాళ్ళు. ఆ 421 మందికి రొట్టెలు ఎవరు కాల్చారన్నది ఏ పట్టికలోనూ కొలవని అంశం.

ఇప్పుడు సూదిమందు వచ్చింది. సెమాగ్లుటైడ్ మీద 2021లో వెలువడిన ప్రధాన పరీక్షలో పాల్గొన్నవాళ్ళలో నాలుగింట మూడువంతుల మంది ఆడవాళ్ళు. 68 వారాల్లో బరువు సగటున 15 శాతం దాకా తగ్గింది. మందు ఆపిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. బరువుని దాచుకోవడం శరీర స్వభావమనీ, మనసు పెట్టకపోవడం కాదనీ ఈ లెక్కే చెబుతోంది. ఈ మందు బరువు తగ్గించడానికి 2025లో మన మార్కెట్లోకీ వచ్చింది. అవసరమైనవాళ్ళు వాడుకోవడం తప్పు కాదు. కానీ ఆకలిని చంపే మందు దొరికినంత తేలిగ్గా, వేళకి కూర్చుని తినే హక్కు దొరకటం లేదు.

మన తప్పూ ఒప్పుకోవాలి. విమల 'వంటిల్లు' రాసింది, సత్యవతి 'ఇల్లలకగానే' రాసింది, ఓల్గా 'రాజకీయ కథలు' ఆడదాని ఒళ్ళే రాజకీయమని చూపించింది. లావుపాటి ఆడమనిషిని మాత్రం సినిమా హాస్యానికి వదిలేశాం. సన్నదనం మార్కెట్ మాయ అని తిట్టాం, అది నిజమే. ఆ కోపంలో కాలేయానికి పట్టిన కొవ్వూ, పాతికేళ్ళకే వచ్చే పీసీఓఎస్, మెనోపాజ్ తర్వాత పెరిగే నడుమూ మన సాహిత్యంలోకి రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36.3 శాతం మందికి అధిక బరువు, 58.8 శాతం మందికి రక్తహీనత. తెలంగాణలో 30.1, 57.6. రెండూ ఒకే ఒంట్లో ఉండటం అరుదేం కాదు. కడుపు నిండింది, రక్తం నిండలేదు. ఇంతకన్నా స్త్రీవాద వస్తువేముంటుంది?

ఇంకొకటి రాయకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. నేను తినడం మానేసిన మిగులు అన్నం ఇప్పుడు మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ డబ్బాలోకి వెళ్తోంది. ఆవిడకీ షుగరే. ఆవిడకి ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. నా చార్టులో కనపడని మనిషిని నేనైతే, నేను సరిగ్గా పాటించే చార్టులో కనపడని మనిషి ఆవిడ.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు? మీరు ఎవరి తర్వాత తింటారు?" బరువు చూసేముందు ఈ రెండు ప్రశ్నలూ అడిగే డాక్టరు కోసం చూస్తున్నాను. ఈలోగా ఫ్రిజ్ మీది కాగితానికి పెన్నుతో మూడో గడి గీశాను. వేళ, పదార్థం, దాని పక్కన 'ఎవరు'. మొదటి వారం గడి నిండా నా పేరే. ఆయన రెండు రోజులు దాన్ని చూసి ఏమీ అనలేదు. మూడో రోజు రాత్రి మెంతులు నానబెట్టారు. పోయిన వారం నుంచి పొద్దున బాక్సులు ఆయన కడుతున్నారు, నేను నడుస్తున్నాను. మిగిలిన గడుల్లో ఇంకా నా పేరే ఉంది. గిన్నెలు తోమే ఆవిడ కోసం ఏ గడి గీయాలో ఇంకా తోచలేదు. కూర మాత్రం ఆవిడ లెక్కా కలిపి వండుతున్నాను, మిగులులోంచి కాదు.